మునిన్‌లో గ్రాఫుల తయారీ జాప్యం

మునిన్ అనునది సర్వర్ల పనితీరును నిరంతరం కొలిచి, ఆ కొలతలను గ్రాఫుల రూపంలో చూపించు ఉచిత సాఫ్టువేరు. పర్యవేక్షణలో ఉన్న సర్వర్ల సంఖ్య పదుల నుండి వందలకు పెరిగినపుడు ఈ గ్రాఫులు సకాలంలో తయారు కాకపోవుట, లేదా పేజీ తెరచిన తరువాత చాలాసేపటికి గాని కనబడకపోవుట తరచుగా ఎదురగు సమస్య. దీనినే గ్రాఫుల తయారీ జాప్యం అందురు. ఈ జాప్యం ఎందువలన కలుగునో, దాని మూలాన్ని ఏ క్రమంలో కనుగొనవలెనో, ఏ కారణానికి ఏ నివారణ తగినదో ఈ వ్యాసం వివరించును.

సర్వరు ఇబ్బందిలో పడినపుడే నిర్వాహకునికి గ్రాఫు కావలసివచ్చును. ఆ సమయంలో అరగంట క్రితపు గ్రాఫు కనబడినచో అతడు తప్పు నిర్ణయం తీసుకొనవచ్చును. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి కలదు. కొన్ని రకాల జాప్యంలో గ్రాఫు ఆలస్యమగుటతో ఆగక, కొలతలే శాశ్వతంగా నష్టపోవును. కనుక జాప్యం ఏ దశలో కలుగుచున్నదో కొలిచి తెలుసుకొన్న తరువాతనే సెట్టింగులను మార్చవలెను.

నేపథ్యం

స్కాండినేవియా పురాణాలలో ఓడిన్ అను దేవునికి హుగిన్, మునిన్ అను రెండు కాకోలాలు ఉండును. హుగిన్ అనగా ఆలోచన, మునిన్ అనగా జ్ఞాపకం. గడచిన కాలపు కొలతలను గుర్తుంచుకొను సాఫ్టువేరు గనుక దీనికి ఆ పేరు పెట్టారు. నార్వే దేశానికి చెందిన లిన్‌ప్రో సంస్థలో ఇది మొదట ఎల్‌ఆర్‌ఆర్‌డి అను పేరుతో మొదలైనది. దీనిని ముఖ్యంగా పెర్ల్ భాషలో వ్రాశారు. 1.4 వెర్షన్ 2009లోను, 2.0 వెర్షన్ 2012లోను వెలువడినవి.

కొలతలను దాచుటకు, గ్రాఫులను గీయుటకు మునిన్ ఆర్‌ఆర్‌డీటూల్ అను మరొక ఉచిత సాఫ్టువేరుపై ఆధారపడును. దీనిని స్విట్జర్లాండుకు చెందిన టోబియాస్ ఓటికర్ రూపొందించి 1999లో విడుదల చేశాడు. అంతకు ముందు 1995లో నెట్‌వర్కు రద్దీని చూపుటకు ఎంఆర్‌టీజీ అను సాఫ్టువేరును వ్రాసినదీ ఇతడే. కాక్టి, గాంగ్లియా మొదలైన సాఫ్టువేర్లు కూడ ఆర్‌ఆర్‌డీటూల్‌నే వాడుకొన్నవి. అందువలన మునిన్ విషయంలో చెప్పిన సంగతులలో చాలా భాగం వాటికి కూడ వర్తించును.

పని జరుగు విధానం

పర్యవేక్షణకు లోనైన ప్రతి సర్వరులోను మునిన్-నోడ్ అను చిన్న ప్రోగ్రాము నడచుచుండును. ఇది 4949 సంఖ్య గల టీసీపీ పోర్టు వద్ద వేచి ఉండును. కొలతలను సేకరించు కంప్యూటరును మాస్టర్ అందురు. మాస్టర్‌లో క్రాన్ ద్వారా ప్రతి 5 నిమిషాలకు, అనగా 300 సెకన్లకు ఒకసారి, మునిన్-క్రాన్ అను ఆదేశం నడచును. ఇది నాలుగు ప్రోగ్రాములను పిలుచును.

* మునిన్-అప్‌డేట్: అన్ని నోడ్‌లను సంప్రదించి కొలతలు తెచ్చి, ఆర్‌ఆర్‌డి ఫైళ్ళలో వ్రాయును.
* మునిన్-లిమిట్స్: కొలతలు హద్దులు దాటినవా అని చూచి హెచ్చరికలు పంపును.
* మునిన్-గ్రాఫ్: ఆర్‌ఆర్‌డి ఫైళ్ళను చదివి గ్రాఫులను బొమ్మలుగా గీయును.
* మునిన్-హెచ్‌టీఎంఎల్: ఆ బొమ్మలను చూపించు పేజీలను తయారు చేయును.

మునిన్-గ్రాఫ్ ప్రతి కొలతకు నాలుగు గ్రాఫులను గీయును. అవి దినం, వారం, నెల, సంవత్సరం. పాత పద్ధతిలో ఎవరు చూచినను చూడకున్నను ఈ గ్రాఫులన్నియు ముందుగానే తయారగును.

ఒక విడత పూర్తి కాకముందే తరువాతి విడత మొదలైనచో రెండును ఒకే ఫైళ్ళపై పడకుండ తాళపు ఫైలు అడ్డుపడును. ముందటి ప్రక్రియ ఇంకను నడచుచున్నచో కొత్త ప్రక్రియ పని చేయకయే వెనుదిరుగును. కనుక 300 సెకన్లు అనునది దాటరాని గడువు.

ఆర్‌ఆర్‌డి ఫైలు నిర్మాణం

జాప్యానికి మూలం చాలాసార్లు ఈ ఫైళ్ళ నిర్మాణంలోనే ఉండును గనుక దీనిని కొంత వివరంగా తెలిసికొనుట అవసరం.

ఆర్‌ఆర్‌డి ఫైలు పరిమాణం సృష్టించిన నాడే నిర్ణయమై, ఎంత కాలం గడచినను పెరగదు. అందులో కొలతలు వలయాకారంలో నిలువ చేయబడును. చివరి గడి నిండిన తరువాత మొదటి గడిలోని పాత కొలతపై కొత్త కొలత పడును. మునిన్ ప్రతి కొలతకు ఒక ప్రత్యేక ఫైలును సృష్టించును. ఉదాహరణకు ప్రాసెసరు వాడకపు గ్రాఫులో ఏడు గీతలున్నచో ఏడు ఫైళ్ళు ఉండును. సాధారణ అమరికలో ఒక్కొక్క ఫైలులో నాలుగు స్థాయిలు ఉండును.

* 5 నిమిషాలకు ఒక విలువ చొప్పున 576 విలువలు (2 రోజులు)
* 30 నిమిషాలకు ఒక విలువ చొప్పున 432 విలువలు (9 రోజులు)
* 2 గంటలకు ఒక విలువ చొప్పున 540 విలువలు (45 రోజులు)
* 24 గంటలకు ఒక విలువ చొప్పున 450 విలువలు (450 రోజులు)

ప్రతి స్థాయిలో సగటు, కనిష్ఠం, గరిష్ఠం అను మూడు వలయాలు ఉండును. అన్నియు కలిపి 5,994 విలువలు. ఒక్కొక్క విలువకు 8 బైట్ల చొప్పున సుమారు 48,000 బైట్లు. శీర్షిక భాగంతో కలిపి ఫైలు పరిమాణం సుమారు 50 కిలోబైట్లు అగును. 400 రోజుల పాటు 5 నిమిషాల విలువలను ఉంచు పెద్ద అమరికను ఎంచుకొన్నచో అదే ఫైలు 2.7 మెగాబైట్లు దాటును.

ఈ ఫైళ్ళకు హార్ట్‌బీట్ అను మరొక నియమం కలదు. మునిన్‌లో దీని విలువ 600 సెకన్లు. రెండు కొలతల నడుమ వ్యవధి ఇంతకు మించినచో ఆ నడిమి కాలమంతయు 'తెలియదు' అని నమోదగును. గ్రాఫులో ఆ చోట ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీ తరువాత పూడదు.

ఒక ఉదాహరణ లెక్క

200 సర్వర్లు, ఒక్కొక్క సర్వరులో 30 ప్లగిన్లు, ఒక్కొక్క ప్లగిన్‌లో సగటున 6 కొలతలు ఉన్నవనుకొనిన, లెక్క ఈ విధంగా ఉండును.

* ఆర్‌ఆర్‌డి ఫైళ్ళు: 200 × 30 × 6 = 36,000
* గ్రాఫులు: 200 × 30 × 4 = 24,000
* ఫైళ్ళ మొత్తం పరిమాణం: సుమారు 1.8 గిగాబైట్లు

ప్రతి 5 నిమిషాలకు 36,000 ఫైళ్ళలో ఒక్కొక్క దానిలో మూడు వలయాలకు ఒక్కొక్క విలువ, అనగా 24 బైట్లు చేరవలెను. మొత్తం కొత్త సమాచారం 864 కిలోబైట్లు మాత్రమే. చూచుటకు ఇది అత్యల్పం. అయితే డిస్కులో వ్రాత సాధారణంగా 4,096 బైట్ల పుటలుగా జరుగును. శీర్షికతో కలిపి ఒక్కొక్క ఫైలులో నాలుగు పుటలు మారినచో 5 నిమిషాలకు సుమారు 590 మెగాబైట్లు వ్రాయవలసి వచ్చును. ముప్పది ఆరు వేల ఖాతా పుస్తకాలను తెరచి, ఒక్కొక్క దానిలో మూడేసి అంకెలు వేసి మూసివేయుట వంటిది ఈ పని. అంకెలు వేయుటకంటె పుస్తకాలు తీసి పెట్టుటకే ఎక్కువ కాలం పట్టును.

నిమిషానికి 7,200 చుట్లు తిరుగు డిస్కులో కావలసిన చోటు మీటకు ఎదురుగా వచ్చుటకు సగటున 4 మిల్లీసెకన్లు, మీట కదలి ఆ చోటికి చేరుటకు 8 నుండి 9 మిల్లీసెకన్లు పట్టును. అనగా చెదరిన చోట్ల సెకనుకు 80కి మించి వ్రాతలు సాధ్యం కావు. ఫైలుకు ఒక్క వ్రాత చొప్పున చూచినను 36,000 వ్రాతలకు 450 సెకన్లు కావలెను. గడువు 300 సెకన్లు. ఆపరేటింగ్ సిస్టం వ్రాతలను పోగుచేసి, వరుసగా అమర్చి కొంత మేలు చేయును గాని, సర్వర్ల సంఖ్య పెరిగిన కొలది ఆ మేలు చాలదు.

గ్రాఫులు గీయు పనిని కూడ ఇట్లే లెక్కించవచ్చును. 24,000 గ్రాఫులను ప్రతి విడతలోను గీయవలసిన అవసరం లేదు. వారపు గ్రాఫులోని విలువలు 30 నిమిషాలకు, నెల గ్రాఫులోనివి 2 గంటలకు, సంవత్సరపు గ్రాఫులోనివి 24 గంటలకు ఒకసారి మాత్రమే మారును. ఆ లెక్కన 5 నిమిషాలకు సగటున 6,000 దినపు గ్రాఫులు, 1,000 వారపు గ్రాఫులు, 250 నెల గ్రాఫులు, 21 సంవత్సరపు గ్రాఫులు, మొత్తం సుమారు 7,270 గ్రాఫులు గీసిన చాలును. ఒక్కొక్క దానికి 0.1 సెకను పట్టినచో ఒకే ప్రక్రియకు 727 సెకన్లు అగును. ఇదియు గడువును దాటినదే.

లక్షణాలు

జాప్యపు లక్షణాలు మూడు రకాలు. వీటిని వేరుచేసి చూచుట నిర్ధారణలో మొదటి మెట్టు.

పాత గ్రాఫు: గ్రాఫులో గీత కొంత సమయం వద్ద ఆగిపోయి ఉండును. మరికొంతసేపటికి చూచినచో ఆ భాగం కూడ నిండి ఉండును. ఇందులో కొలతలు సక్రమంగా చేరుచున్నవి, గీయుట మాత్రమే ఆలస్యమగుచున్నది. మునిన్ గ్రాఫు అడుగున చివరిసారి కొలత చేరిన సమయం ముద్రించబడి ఉండును. దానిని గడియారంతో పోల్చి చూడవలెను.

ఖాళీలు గల గ్రాఫు: గీత మధ్యలో తెగి ఉండును. ఎంతసేపు ఆగినను ఆ ఖాళీ పూడదు. ఇది సేకరణ దశలోనో, ఫైలులో వ్రాయు దశలోనో కలిగిన లోపం. గీయు దశను ఎంత వేగవంతం చేసినను ఇది తగ్గదు. ఒక్క సర్వరు గ్రాఫులలో మాత్రమే ఖాళీలున్నచో ఆ నోడ్‌ను, అన్ని సర్వర్ల గ్రాఫులలో ఒకే సమయంలో ఖాళీలున్నచో మాస్టర్‌ను అనుమానించవలెను.

కనబడని గ్రాఫు: పేజీ తెరచుకొనును గాని బొమ్మలు రావు, లేదా ఒక్కొక్కటిగా చాలా ఆలస్యంగా వచ్చును. గ్రాఫులను అడిగినపుడు మాత్రమే గీయు సీజీఐ పద్ధతిలో ఇది సాధారణం.

నిర్ధారణ క్రమం

1. దశల వారీగా సమయం చూచుట. మునిన్ లాగ్ ఫైళ్ళలో ప్రతి దశ ఎన్ని సెకన్లలో ముగిసినదో నమోదై ఉండును. మునిన్-స్టాట్స్ అను ప్లగిన్‌ను మాస్టర్‌లోనే అమర్చినచో అప్‌డేట్, లిమిట్స్, గ్రాఫ్, హెచ్‌టీఎంఎల్ దశల సమయాలు కూడ ఒక గ్రాఫుగా వచ్చును. జాప్యం ఏనాటి నుండి మొదలైనదో, క్రమంగా పెరిగినదో, ఒక్కసారిగా పెరిగినదో దాని వలన తెలియును. క్రమంగా పెరిగినచో సర్వర్ల సంఖ్య, ఒక్కసారిగా పెరిగినచో ఆనాడు జరిగిన మార్పు కారణం కావచ్చును.

2. అప్‌డేట్ దశ ఆలస్యమైనచో నోడ్‌ల వారీగా చూచుట. లాగ్‌లో ఒక్కొక్క నోడ్‌కు పట్టిన సమయం విడిగా ఉండును. మాస్టర్ ఒకేసారి 16 నోడ్‌లను సంప్రదించును. అయితే ఒక నోడ్‌లోని ప్లగిన్లు ఒకదాని తరువాత ఒకటిగా నడచును. నోడ్‌కు సగటున 20 సెకన్లు పట్టినచో 200 నోడ్‌లకు 250 సెకన్లు అగును. గడువుకు ఇది చాలా దగ్గర. సగటు 24 సెకన్లు దాటినచో గడువు తప్పును.

3. ఆలస్యమగు నోడ్‌లో ప్లగిన్‌ను కనుగొనుట. ఆ సర్వరులో మునిన్-రన్ ఆదేశంతో ఒక్కొక్క ప్లగిన్‌ను విడిగా నడిపి సమయం కొలవవలెను. జవాబివ్వని పరికరాన్ని ఎస్‌ఎన్‌ఎంపీ ద్వారా ప్రశ్నించు ప్లగిన్, పెద్ద డేటాబేసులో లెక్కలు అడుగు ప్లగిన్ తరచుగా దొరకు దోషులు.

4. గ్రాఫ్ దశ ఆలస్యమైనచో ప్రాసెసరా, డిస్కా అని తేల్చుట. టాప్ ఆదేశంలో ప్రాసెసరు కాలం ఎట్లు ఖర్చగుచున్నదో కనబడును. లెక్కలకు ఖర్చైన భాగం ఎక్కువైనచో గీయుట భారం. డిస్కు కొరకు వేచియున్న భాగం ఎక్కువైనచో ఫైళ్ళే భారం. ఐఓస్టాట్ ఆదేశంతో డిస్కు ఎంత శాతం కాలం తీరికలేక ఉన్నదో, ఒక్కొక్క కోరిక ఎన్ని మిల్లీసెకన్లు వేచినదో చూడవచ్చును. ఈ కొలతలను మునిన్ విడత నడచుచున్నపుడే తీసికొనవలెను. ఐదు నిమిషాల సగటులో అసలు రద్దీ మరుగుపడవచ్చును.

5. ఒకే గ్రాఫును గీసి కొలుచుట. టైమ్ ఆదేశంతో ఒక గ్రాఫును గీయించినచో మూడు అంకెలు వచ్చును. గడియారపు కాలం, ప్రోగ్రాము వాడిన ప్రాసెసరు కాలం, దాని తరఫున ఆపరేటింగ్ సిస్టం వాడిన కాలం. చివరి రెండింటి మొత్తం గడియారపు కాలానికి సమీపంగా ఉన్నచో అది ప్రాసెసరు పని. గడియారపు కాలం వాటికంటె ఎన్నో రెట్లు ఉన్నచో అది నిరీక్షణ. అదే గ్రాఫును వెంటనే రెండవసారి గీయించవలెను. మొదటిసారి 2 సెకన్లు, రెండవసారి 0.1 సెకను పట్టినచో ఫైళ్ళు మొదటిసారి డిస్కు నుండి, రెండవసారి మెమరీ నుండి వచ్చినవని అర్థం.

6. ఫైళ్ళను లెక్కించుట. ఆర్‌ఆర్‌డి ఫైళ్ళ సంఖ్యను, మొత్తం పరిమాణాన్ని మాస్టర్‌లో ఖాళీగా ఉన్న మెమరీతో పోల్చవలెను. ఫైళ్ళన్నియు మెమరీలో ఇమిడినచో చదువుట వేగంగా జరుగును. అయితే వ్రాతలు తప్పవు.

7. ఒకసారికి ఒకే మార్పు చేయుట. మార్పుకు ముందు, తరువాత దశల సమయాలను వ్రాసి పెట్టుకొనవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో ఏది ఫలించినదో తెలియదు.

కారణాలు, నివారణలు

ప్రక్రియల సంఖ్య: గ్రాఫులను ఏకకాలంలో గీయు ప్రక్రియల గరిష్ఠ సంఖ్య సాధారణంగా 6. ప్రాసెసరులో తీరిక ఉండి, డిస్కు కూడ ఖాళీగా ఉన్నపుడు దీనిని పెంచిన ఫలితం ఉండును. డిస్కు ఇప్పటికే నిండా పనిలో ఉన్నపుడు పెంచినచో అదే డిస్కు కొరకు మరింతమంది పోటీపడుదురు. జాప్యం తగ్గుటకు బదులు పెరుగును. పైగా అప్‌డేట్ దశకు కూడ డిస్కు అందక, పాత గ్రాఫు అను చిన్న లోపం కాస్తా ఖాళీ గ్రాఫు అను పెద్ద లోపంగా మారవచ్చును. నాలుగవ మెట్టు దాటకుండ ఈ సంఖ్యను మార్చరాదని చెప్పుటకు కారణం ఇదే.

ఎవరును చూడని గ్రాఫులు: వేలకొలది గ్రాఫులను ప్రతి 5 నిమిషాలకు గీసినను, ఒక దినంలో నిర్వాహకులు చూచునవి కొన్ని పదులకు మించవు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లున్న ఈ పద్ధతికి బదులుగా, ఎవరైనా అడిగినపుడు మాత్రమే గీయు సీజీఐ పద్ధతి కలదు. 2.0 వెర్షన్‌లో దీనిని చాలావరకు మెరుగుపరచారు. సెట్టింగుల ఫైలులో గ్రాఫ్-స్ట్రాటజీ అను అంశాన్ని క్రాన్ నుండి సీజీఐకి మార్చవలెను.

సీజీఐ పద్ధతిలో భారం చూచువారి వైపుకు మారును. ఒక సర్వరు పేజీలో 30 ప్లగిన్లకు దినపు, వారపు గ్రాఫులు కలిపి 60 బొమ్మలు ఉండును. సాధారణ సీజీఐలో ఒక్కొక్క బొమ్మకు పెర్ల్ మొదటి నుండి మొదలై, సర్వర్లన్నిటి వివరములు గల డేటాఫైలును చదువవలెను. సర్వర్లు పెరిగిన కొలది ఈ ఫైలు పెరుగును గనుక బొమ్మ గీయుటకంటె ఈ చదువుటకే ఎక్కువ కాలం పట్టవచ్చును. ఫాస్ట్‌సీజీఐ వాడినచో పెర్ల్ ప్రక్రియ ముగియక నిలిచియుండి, ఒకదాని తరువాత ఒకటిగా కోరికలను తీర్చును. 2.0 వెర్షన్‌లో ఈ వివరములను త్వరగా చదువుటకు వీలైన స్టోరబుల్ రూపంలో కూడ దాచును. 2.999 సంఖ్యతో వచ్చిన ప్రయోగాత్మక వెర్షన్లలో వీటిని ఎస్‌క్యూలైట్ డేటాబేసులోనికి మార్చారు.

చెదరిన వ్రాతలు: ఆర్‌ఆర్‌డీటూల్ 1.4 వెర్షన్‌తో 2009లో ఆర్‌ఆర్‌డి-కాష్డ్ అను ప్రోగ్రాము వచ్చినది. ఇది కొత్త కొలతలను వెంటనే ఫైలులో వ్రాయక, మెమరీలో పోగుచేసి, ఒక్కొక్క ఫైలుకు కొన్ని కొలతలను కలిపి ఒకేసారి వ్రాయును. వ్రాత గడువును 1,800 సెకన్లుగా పెట్టినచో ఆరు కొలతలు ఒకేసారి చేరును. డిస్కు వ్రాతలు సుమారు ఆరవ వంతుకు తగ్గును. విద్యుత్తు పోయినచో మెమరీలోని కొలతలు నష్టపోకుండ జర్నల్ అను వరుస చిట్టాలో కూడ వ్రాసి ఉంచు సౌకర్యం దీనిలో కలదు. మునిన్ 2.0 నుండి దీనిని వాడుకొనవచ్చును.

ఇక్కడ గమనింపవలసిన ముఖ్యమైన విషయం ఒకటి కలదు. గ్రాఫు గీయునపుడు ఆ గ్రాఫుకు చెందిన ఫైళ్ళలోనికి మెమరీలోని కొలతలను ముందుగా దించివేయవలెను. లేనిచో గ్రాఫులో తాజా కొలతలు ఉండవు. కనుక 5 నిమిషాలకొకసారి అన్ని గ్రాఫులను గీయు పాత పద్ధతిని అట్లే ఉంచి ఆర్‌ఆర్‌డి-కాష్డ్‌ను అమర్చినచో, 5 నిమిషాలకొకసారి అన్ని ఫైళ్ళలోనికి వ్రాతలు జరుగును. పోగుచేసిన ప్రయోజనం పోవును. ఆర్‌ఆర్‌డి-కాష్డ్, సీజీఐ పద్ధతి రెండును జతగా వాడిననే పూర్తి ఫలితం దక్కును.

మెమరీలో ఫైళ్ళు: కొందరు ఆర్‌ఆర్‌డి ఫైళ్ళన్నిటిని టీఎంపీఎఫ్‌ఎస్ అను మెమరీ ఫైల్ సిస్టంలో ఉంచి, నిర్ణీత కాలానికొకసారి డిస్కులోనికి నకలు తీయుదురు. వేగం విషయంలో ఇది చాలా మేలు. అయితే సర్వరు హఠాత్తుగా ఆగినచో చివరి నకలు తరువాతి కొలతలన్నియు పోవును. విద్యుత్ సరఫరా నమ్మకం లేని చోట్ల ఇది తగదు.

ముందుచదువు: ఫైలులో కొంత భాగం అడిగినచో తరువాతి భాగం కూడ కావలసి వచ్చునని ఊహించి ఆపరేటింగ్ సిస్టం ముందుగా చదివి పెట్టును. ఆర్‌ఆర్‌డి ఫైళ్ళలో కావలసినది అక్కడక్కడ కొద్ది భాగమే గనుక ఈ ఊహ వలన మెమరీ వృథా అగును. 2008లో వచ్చిన ఆర్‌ఆర్‌డీటూల్ 1.3 ఈ ముందుచదువు వద్దని ఆపరేటింగ్ సిస్టంకు తెలుపును. అంతకంటె పాత వెర్షన్ వాడుచున్నచో వెర్షన్ మార్చుటయే మొదటి నివారణ.

అక్షరాల భారం: అదే 1.3 వెర్షన్ నుండి బొమ్మలను గీయుటకు కైరో, అక్షరాలను అమర్చుటకు పాంగో అను లైబ్రరీలను వాడుచున్నారు. దీని వలన తెలుగుతో సహా ఎన్నో లిపులను గ్రాఫులలో చక్కగా చూపుట సాధ్యమైనది. అయితే ఫాంట్ల జాబితా ముందుగా తయారై ఉండక, మునిన్ వాడు ఖాతాకు దానిని దాచుకొను అనుమతియు లేనిచో, కొత్తగా మొదలగు ప్రతి ప్రక్రియ ఫాంట్లన్నిటిని తిరిగి వెదకును. ప్రాసెసరు భారం ఎక్కువై, డిస్కు ఖాళీగా ఉన్న సందర్భాలలో దీనిని పరిశీలింపవలెను.

దూరపు నోడ్‌లు: అప్‌డేట్ దశలో నోడ్‌ల జాప్యానికి 2.0 వెర్షన్‌లో వచ్చిన మునిన్-అసింక్ తగిన నివారణ. నోడ్‌లోనే ఒక ప్రోగ్రాము తన సమయం ప్రకారం ప్లగిన్లను నడిపి ఫలితాలను దాచి ఉంచును. మాస్టర్ వచ్చినపుడు సిద్ధంగా ఉన్న ఫలితాలను ఇచ్చివేయును. మధ్యలో నెట్‌వర్కు తెగినను, కలిసిన తరువాత పాత కొలతలు కూడ అందును.

నియత సమయపు రద్దీ: ఆర్‌ఆర్‌డి ఫైళ్ళలో 30 నిమిషాలు, 2 గంటలు, 24 గంటల విలువలు అన్ని ఫైళ్ళలోను ఒకే క్షణంలో లెక్కింపబడును. ఈ గడియలు సార్వత్రిక కాలమానం ప్రకారం ఉండును. 24 గంటల విలువ అర్ధరాత్రి చేరును, అనగా భారత కాలమానం ప్రకారం ఉదయం 5:30 గంటలకు. ఆ విడతలో నాలుగు స్థాయిలలోను వ్రాతలు జరుగును గనుక మిగిలిన విడతలకంటె భారం ఎక్కువ. భారతదేశంలోని మాస్టర్‌లో ప్రతిదినం ఉదయం 5:30 ప్రాంతంలో మాత్రమే ఖాళీలు కనబడుచున్నచో, ఆ సమయంలో నడచు బ్యాకప్ వంటి పనులతో పాటు ఈ అంశాన్ని కూడ లెక్కలోనికి తీసికొనవలెను. బ్యాకప్ సమయాన్ని మార్చుట సులభమైన ఉపాయం.

ఇతర సాఫ్టువేర్లతో పోలిక

గాంగ్లియా: అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో కంప్యూటర్ల సమూహాల కొరకు పుట్టినది. వికీమీడియా సంస్థ కూడ తన సర్వర్ల పర్యవేక్షణకు చాలా సంవత్సరాలు దీనిని వాడినది. ఇందులో మొదటి నుండియు గ్రాఫులు అడిగినపుడే గీయబడును. వేయి సర్వర్ల సమూహపు పేజీ తెరచినచో వేయి బొమ్మలకు కోరికలు పుట్టును. కనుక ఇందులో కనబడని గ్రాఫు అను లక్షణమే ఎక్కువ.

కాక్టి: పీహెచ్‌పీలో వ్రాయబడినది. కొలతల సేకరణకు సీ భాషలో వ్రాసిన స్పైన్ అను ప్రోగ్రాము, వ్రాతలను పోగుచేయుటకు బూస్ట్ అను సౌకర్యం కలవు. బూస్ట్ వెనుకనున్న ఆలోచన ఆర్‌ఆర్‌డి-కాష్డ్‌లోనిదే.

జాబిక్స్: కొలతలను ఆర్‌ఆర్‌డి ఫైళ్ళలో గాక డేటాబేసు పట్టికలలో దాచును. గంటవారీ సారాంశాలకు వేరే పట్టికలు ఉండును. ఇందులో గ్రాఫు ఆలస్యమైనచో మొదట చూడవలసినది డేటాబేసు ప్రశ్నకు పట్టు సమయం.

గ్రాఫైట్: 2006లో ఆర్బిట్జ్ సంస్థలో మొదలై 2008లో బహిరంగంగా విడుదలైనది. దీని విస్పర్ ఫైళ్ళు కూడ కొలతకొక ఫైలు పద్ధతినే పాటించును. అందువలన చెదరిన వ్రాతల సమస్య దీనికిని ఉన్నది.

ప్రోమీథియస్, గ్రఫానా: 2012లో మొదలైన ప్రోమీథియస్ కొలతలను గుంపులుగా కూర్చి పెద్ద ఖండాలలో దాచును గనుక చిన్న ఫైళ్ళ సమస్య లేదు. 2014లో వచ్చిన గ్రఫానా గ్రాఫులను చూచువారి బ్రౌజరులోనే గీయును. కనుక సర్వరులో బొమ్మలు గీయు భారం తొలగినది. అయితే కొలతల శ్రేణుల సంఖ్య మితిమీరినచో ప్రశ్నలకు జవాబు ఆలస్యమగును. జాప్యపు స్థానం మారినదే గాని, సేకరణ, నిలువ, గీయుట అను దశలను విడివిడిగా కొలువవలసిన అవసరం మాత్రం మారలేదు.

ఇవి కూడా చూడండి

* ఆర్‌ఆర్‌డీటూల్
* పెర్ల్
* క్రాన్
* లినక్స్
* హార్డ్ డిస్కు